ద్రవ్యవేగం అంటే మొమెంటమే!

ఇంటర్‌ దాకా తెలుగులో చదివారు. ఎంసెట్‌ ప్రశ్నల్ని తెలుగులోనే చదువుకుని ర్యాంకు తెచ్చుకున్నారు. తీరా కళాశాలలో అడుగుపెట్టాక... తెలిసిన పాఠమే తెలియనిదైపోతుంది! ఇన్ని భాషలు మాట్లాడే దేశంలో విశ్వవిద్యాలయం ఏ భాషలో పాఠం చెప్పాలి? వందేళ్ల కిందటే హైదరాబాద్‌ ఈ ప్రశ్నకు ఒక జవాబు వెతికింది. ఆ జవాబులో గొప్పతనమూ ఉంది, పొరపాటూ ఉంది.

బీటెక్‌ మొదటి సంవత్సరం. కళాశాల తెరిచి వారమే అయింది. మెకానిక్స్‌ క్లాసు నడుస్తోంది.

‘వాట్‌ ఈజ్‌ మొమెంటమ్‌?’ అడిగారు లెక్చరర్‌.

ముందు బెంచీల్లో నాలుగైదు చేతులు లేచాయి. చివరి బెంచీలో కూర్చున్న అమ్మాయి తల దించుకుంది. జిల్లా పరిషత్‌ పాఠశాలలో పదో తరగతి, ప్రభుత్వ జూనియర్‌ కళాశాలలో ఇంటర్‌. రెండూ తెలుగు మీడియమే. మొమెంటమ్‌ అనే మాట వినడమే తప్ప, అదేమిటో గుర్తు రావడంలేదు. ‘ఇది కూడా తెలియకుండా ఇంజినీరింగ్‌కి ఎలా వచ్చావు?’ అని ఆయన అననేలేదు. ఆ మాట ఆమెకు ఆమే అనుకుంది.

ఇంతలో లెక్చరర్‌ బోర్డు మీద ఒక లారీ బొమ్మ, దాని పక్కన సైకిల్‌ బొమ్మ వేశారు. రెండూ ఒకే వేగంతో వస్తుంటే దేన్ని ఆపడం కష్టం అని అడిగారు. కింద ద్రవ్యరాశిని వేగంతో గుణించే సూత్రం రాశారు. ఆ అమ్మాయి కళ్లు ఒక్కసారిగా వెలిగాయి. ‘ఇదా... ద్రవ్యవేగం!’ తొమ్మిదో తరగతి నుంచీ తెలిసిన పాఠమే. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం మీద లెక్కలు కూడా బోలెడు చేసింది. తెలియనిదల్లా దాని ఇంగ్లిషు పేరే!

ఇది ఏ ఒక్క కళాశాల కథో, ఏ ఒక్క అమ్మాయి కథో కాదు. త్వరణం యాక్సిలరేషన్‌గా, వక్రీభవనం రిఫ్రాక్షన్‌గా, ఉత్ప్రేరకం కాటలిస్ట్‌గా, ద్రవాభిసరణం ఆస్మాసిస్‌గా పేరు మార్చుకుని ఎదురొచ్చినప్పుడు ఏటా ఎంతోమంది తెలుగు మీడియం పిల్లలు పడే అవస్థే ఇది. పైగా ఫస్ట్‌ మిడ్‌ మార్కులు చూసినవాళ్లు ‘వీళ్లకు సబ్జెక్టు రాదు’ అంటారే తప్ప ‘వీళ్లకు పేర్లు తెలియవు’ అనరు. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది.

క్లాసులో రెండు... పేపర్లో ఒకటి!

మన ఉన్నత విద్య ఏ భాషలో నడుస్తోంది అని అడిగితే ఎవరైనా ఇంగ్లిషనే చెబుతారు. కాగితం మీద అది నిజమే. కానీ మామూలు డిగ్రీ కళాశాలలో ఓ గంట కూర్చుంటే అసలు సంగతి తెలుస్తుంది. లెక్చరర్‌ పాఠం ఇంగ్లిషులో మొదలుపెడతారు. రెండు వాక్యాలయ్యాక పిల్లల మొహాలు చూస్తారు. ‘అర్థమైందా? అంటే ఏంటంటే...’ అంటూ తెలుగులోకి వచ్చేస్తారు. అర్థమయ్యాక నోట్సు మాత్రం ఇంగ్లిషులో చెప్పి రాయిస్తారు. పిల్లలు సందేహాలు తెలుగులోనే అడుగుతారు. హాస్టల్లో ఒకరికొకరు చెప్పుకునేదీ తెలుగులోనే. అర్థం చేసుకోవడం ఒక భాషలో, బట్టీ పట్టడం ఇంకో భాషలో అన్నమాట.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదంటారు భాషా శాస్త్రవేత్తలు. బ్రిటన్‌లోని వేల్స్‌లో ఇంగ్లిషూ వెల్ష్‌ రెండూ మాట్లాడతారు. ఒక భాషలో విన్న, చదివిన విషయాన్ని మరో భాషలో చెప్పించే బోధనా పద్ధతికి అక్కడి విద్యావేత్త సెన్‌ విలియమ్స్‌ 1994లో ఒక పేరు పెట్టారు. దాన్నే ఇప్పుడు ప్రపంచమంతా ‘ట్రాన్స్‌లాంగ్వేజింగ్‌’ అంటోంది. విషయం బుర్రలోకి ఎక్కకపోతే దాన్ని రెండో భాషలో చెప్పడం కుదరదు కాబట్టి, ఈ పద్ధతిలో చదువు గట్టిపడుతుందన్నది ఆయన ఆలోచన. మన లెక్చరర్లు ఆ పేరు తెలియకుండానే సగం పని చేస్తున్నారు. కాకపోతే దొంగచాటుగా చేస్తున్నారు. తనిఖీకి ఎవరైనా వస్తే చాలు, గబుక్కున ఇంగ్లిషులోకి మారిపోవాల్సిందే.

చిక్కంతా పరీక్ష దగ్గరే. క్లాసులో రెండు భాషలకీ చోటుంది. జవాబుపత్రంలో ఒక్కదానికే ఉంది. దాంతో విషయం తెలిసినా వాక్యం కట్టలేనివారు తప్పుతారు. విషయం తెలియకపోయినా గైడులోని పేరాని అక్షరం పొల్లుపోకుండా దించగలిగినవారు గట్టెక్కుతారు. ఆ డిగ్రీ పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లాక మాత్రం ఇద్దరూ ఇబ్బంది పడతారు.

నిజాం నాటి ప్రయోగం

మెకాలే 1835లో వేసిన బాటలో, 1857లో మొదలైన మద్రాసు, బొంబాయి, కలకత్తా విశ్వవిద్యాలయాలు ఇంగ్లిషులోనే నడిచాయి. పెద్ద చదువంటే ఇంగ్లిషు చదువేనని అందరూ అనుకుంటున్న రోజుల్లో హైదరాబాద్‌ సంస్థానం వేరే దారి పట్టింది. అక్బర్‌ హైదరీ ప్రతిపాదన మీద ఏడో నిజాం మీర్‌ ఉస్మాన్‌ అలీఖాన్‌ 1917లో ఫర్మానా ఇచ్చారు. చదువంతా ఉర్దూలో చెప్పాలి, ఇంగ్లిషు మాత్రం ఒక భాషగా అందరూ తప్పనిసరిగా నేర్చుకోవాలి... ఇదీ దాని సారాంశం. అలా 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది. మరుసటి ఏడాది తరగతులు మొదలయ్యాయి.

పాఠం చెబుదామంటే పుస్తకాలేవి? అందుకే విశ్వవిద్యాలయం కంటే ముందే, 1917లోనే, దారుల్‌ తర్జుమా అనే అనువాద సంస్థను తెరిచారు. ఉర్దూ భాషకు పెద్దదిక్కుగా పేరొందిన మౌల్వీ అబ్దుల్‌ హక్‌ దానికి తొలి అధిపతి. ప్రసిద్ధ కవి జోష్‌ మలీహాబాదీ కూడా కొన్నేళ్లపాటు అక్కడ పనిచేశారు. గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు, చరిత్ర, తత్వశాస్త్రం, న్యాయం, వైద్యం, ఇంజినీరింగ్‌... ఇలా వందల పుస్తకాల్ని ఉర్దూలోకి తెచ్చారు. ఏ ఇంగ్లిషు మాటకు ఏ ఉర్దూ మాట వాడాలో తేల్చడానికి సబ్జెక్టు తెలిసినవారినీ భాష తెలిసినవారినీ ఒకచోట కూర్చోబెట్టారు. ఆ కసరత్తులో పాల్గొన్న వహీదుద్దీన్‌ సలీమ్‌ పారిభాషిక పదాలు ఎలా తయారుచేయాలన్న దానిమీద 1921లో ఏకంగా ఒక గ్రంథమే రాశారు.

మూడు దశాబ్దాలపాటు ఇక్కడ డాక్టర్లూ ఇంజినీర్లూ ఉర్దూలో చదువుకునే తయారయ్యారు. భారతీయ భాషలో పెద్ద చదువులు సాధ్యం కావు అనేవారికి ఉస్మానియా ఒక జవాబు.

మరి పొరపాటు ఎక్కడ జరిగింది? నాటి హైదరాబాద్‌ రాజ్యంలో సుమారు సగం మంది మాతృభాష తెలుగు. తరవాతి స్థానాలు మరాఠీ, కన్నడాలవి. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు జనాభాలో పదోవంతుకు కాస్త అటూఇటూ. అంటే సొంత భాషలో చదువు అనేది కొద్దిమందికే దక్కింది. నల్గొండ నుంచో కరీంనగర్‌ నుంచో వచ్చిన తెలుగు కుర్రాడికి ఉర్దూ కూడా నేర్చుకుని తీరాల్సిన భాషే. మరాఠ్వాడా విద్యార్థిదీ అదే పరిస్థితి.

1948లో హైదరాబాద్‌ భారతదేశంలో కలిసింది. ఉస్మానియాలో ఉర్దూ స్థానంలోకి ఇంగ్లిషు వచ్చింది. తెలుగు, మరాఠీ, కన్నడ విద్యార్థుల మధ్య ఎవరిదీ కాని భాష కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకుండా పోయిందన్నది ఒక వాదన. కానీ ఎవరిదీ కాని భాష అందరికీ ఒకేలా దూరంగా ఉండదు. ఇంట్లో ఇంగ్లిషు పేపరు చదివే కుటుంబానికి అది దగ్గర. కూలికి వెళ్లే తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డకు అది చాలా దూరం.

తెలుగు వంతు

స్వాతంత్ర్యం వచ్చాక రాష్ట్రాలు తమ భాషల్ని కళాశాలల్లోకి తెచ్చే పని మొదలుపెట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. అప్పటి విద్యామంత్రి పి.వి.నరసింహారావే దానికి వ్యవస్థాపక అధ్యక్షుడు. ఇంటర్‌ నుంచి డిగ్రీ, పీజీ స్థాయిదాకా అకాడమీ తెచ్చిన పుస్తకాలు ఎన్నో లక్షల ఇళ్లకు చేరాయి. పోటీ పరీక్షలకు తయారయ్యే అభ్యర్థుల బల్లల మీద ఇప్పటికీ అవే కనిపిస్తాయి. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో ప్రారంభమైంది. ఇప్పుడు అంబేడ్కర్‌ పేరుతో ఉన్న ఆ సంస్థ తెలుగులో డిగ్రీ పాఠాలు అందించి... పెళ్లయి చదువాగిపోయిన గృహిణుల్నీ, ఉద్యోగాలు చేసుకుంటున్నవారినీ పట్టభద్రుల్ని చేసింది.

కానీ దారుల్‌ తర్జుమా ఎదుర్కొన్న ఇబ్బందే ఇక్కడా ఎదురైంది. అక్కడ కొత్తమాటల కోసం అరబ్బీ, ఫారసీలను ఆశ్రయించినట్టే ఇక్కడ సంస్కృతాన్ని ఆశ్రయించారు. ‘కిరణజన్య సంయోగక్రియ’ అని నోరు తిరగడానికి పిల్లలకు వారం పడుతుంది. ఫొటోసింథసిస్‌ అంటే పరాయిమాట. మరి ఇదేమైనా అమ్మ నేర్పిన మాటా? చదువు అమ్మభాషలో ఉందని చెప్పుకొన్నా పిల్లలు అందులోనూ ఒక కొత్త భాష నేర్చుకోవాల్సి వచ్చింది. పైగా బీఎస్సీ అయ్యాక ఎమ్మెస్సీ, పరిశోధన, ఉద్యోగం... అన్నీ ఇంగ్లిషులోనే. తెలుగు బాట సగం దూరం వెళ్లి ఆగిపోయింది.

అందుకే తల్లిదండ్రులు ఇంగ్లిషు మీడియం వైపు మొగ్గారు. వారిని తప్పుపట్టలేం. ఇంగ్లిషు పైకులాలకే పరిమితమైతే దళిత, బహుజనుల పిల్లలు ఎప్పటికీ వెనకే ఉంటారని కంచ ఐలయ్య లాంటి రచయితలు ఏళ్ల తరబడి వాదిస్తున్నారు. ఆ వాదనలో బలం ఉంది. 2021-22 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ కళాశాలల్లో ఇంగ్లిషు మీడియమే ఉండాలని ఆంధ్రప్రదేశ్‌ నిర్ణయించింది. తెలుగు మీడియం కావాలా, ఇంగ్లిషు మీడియమా అన్న చర్చ మాత్రం ఇప్పటికీ వాడివేడిగా సాగుతూనే ఉంది.

ఆ చర్చలో వినిపించని గొంతులు ఇంకా కొన్ని ఉన్నాయి. ఆదిలాబాద్‌ గోండు పిల్లలకు, తండాల్లోని లంబాడీ పిల్లలకు, పాతబస్తీలో ఉర్దూ మాట్లాడే పిల్లలకు తెలుగే రెండో భాష. 2011 జనాభా లెక్కల ప్రకారం పదివేల మందికి పైగా మాట్లాడే భాషలు దేశంలో 121 ఉన్నాయి. ‘మాతృభాషలో చదువు’ అన్నప్పుడల్లా ఎవరి మాతృభాష అని అడగాల్సిందే. ఉస్మానియా కథ నేర్పే పాఠం ఇదే.

పల్లె నుంచి ట్రిపుల్‌ ఐటీకి...

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ఒక ప్రయోగం చేసింది. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్‌ ఐటీలు తెరిచింది. రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం కింద ఏర్పాటైన ఈ సంస్థల్లో ప్రవేశ పరీక్ష లేదు. పదో తరగతి మార్కులతోనే సీటు. ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన పల్లె పిల్లలకు అదనపు పాయింట్లు. ఒక్కో చోట సుమారు రెండువేల మంది చొప్పున చేర్చుకున్నారు. వారిలో చాలామందికి అప్పటిదాకా ఇంగ్లిషులో పాఠం వినడమే తెలియదు.

ఇక్కడ గమనించాల్సింది కాలం. అది ఆరేళ్ల కోర్సు. మొదటి రెండేళ్లూ ఇంటర్‌తో సమానమైన ప్రీ యూనివర్సిటీ చదువు. ఆ తరవాతే నాలుగేళ్ల ఇంజినీరింగ్‌. పాఠ్యాంశాలు నింపిన లాప్‌టాప్‌లు చేతికిచ్చారు. అర్థంకాని చోట ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ వినొచ్చు. తెలుగు నుంచి ఇంగ్లిషులోకి మారడానికి రెండేళ్ల వ్యవధి ఉందన్నమాట. మామూలు ఇంజినీరింగ్‌ కళాశాలలో చేరే తెలుగు మీడియం విద్యార్థికి ఆ వ్యవధి రెండు వారాలు కూడా ఉండదు. ఆ ఏడాదుల్లోనే ఫీజు రీయింబర్స్‌మెంట్‌ పథకం పుణ్యమా అని, ఇంట్లో డిగ్రీ ముఖం ఎరుగని కుటుంబాల పిల్లలు పెద్దసంఖ్యలో ఇంజినీరింగ్‌లో చేరారు. ఫీజు కట్టే ఏర్పాటు జరిగింది. భాష దాటించే ఏర్పాటు మాత్రం చాలాచోట్ల జరగలేదు. ఫలితం... బ్యాక్‌లాగ్‌లు.

దక్షిణాఫ్రికాలోనూ అంతే!

ఇదే చిక్కుతో కుస్తీ పడుతున్న మరో దేశం దక్షిణాఫ్రికా. సైన్‌ లాంగ్వేజ్‌ని కూడా 2023లో చేర్చడంతో అక్కడ అధికార భాషలు పన్నెండయ్యాయి. బోధనా భాష కోసం ప్రాణాలే పోయిన దేశమది. నల్లజాతి పిల్లలకు సగం పాఠాలు ఆఫ్రికాన్స్‌లో చెప్పాలన్న ఆదేశానికి వ్యతిరేకంగా 1976 జూన్‌ 16న సొవెటోలో విద్యార్థులు వీధుల్లోకి వస్తే పోలీసులు కాల్పులు జరిపారు.

వర్ణవివక్ష పోయాక గొడవ కోర్టులకెక్కింది. స్టెలెన్‌బాష్‌ విశ్వవిద్యాలయం ఆఫ్రికాన్స్‌ని తగ్గించి ఇంగ్లిషుకు పెద్దపీట వేస్తే, 2019లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని సమర్థించింది. రెండేళ్ల తరవాత యునీసా అనే దూరవిద్యా విశ్వవిద్యాలయం ఆఫ్రికాన్స్‌ని తీసేసినప్పుడు మాత్రం అది చెల్లదంది. కాబట్టి ఈ భాషా, ఆ భాషా అన్న ప్రశ్నకు అందరికీ పనికొచ్చే ఒకే జవాబు లేదు. ఎక్కడ, ఏ విద్యార్థులకు అన్నది చూడాల్సిందే.

ఇప్పటి లింపోపో విశ్వవిద్యాలయంలో 2003లో ఒక బీఏ కోర్సు మొదలైంది. అందులో కొన్ని సబ్జెక్టులు ఇంగ్లిషులో, కొన్ని స్థానిక భాష అయిన సెసోతో సా లెబోవాలో. పాఠం, చర్చ, పరీక్ష అన్నీ ఆయా భాషల్లోనే. కేప్‌టౌన్‌ విశ్వవిద్యాలయమైతే ముఖ్యమైన పారిభాషిక పదాలకు ఆఫ్రికా భాషల్లో అర్థాలు వివరించే పదకోశాలు తయారుచేయించింది. పాఠం ఇంగ్లిషులోనే సాగుతుంది. పదం దగ్గర తడబడినవారికి పక్కనే ఊతకర్ర ఉంటుంది.

తలుపు తెరిచారు... కానీ!

మన దేశంలోనూ కొంత కదలిక వచ్చింది. నీట్‌ ప్రశ్నపత్రం 2017 నుంచి తెలుగులో వస్తోంది. 2021లో జేఈఈ మెయిన్‌ కూడా పదమూడు భాషలకు విస్తరించింది. అదే ఏడాది ప్రాంతీయ భాషల్లో ఇంజినీరింగ్‌ చెప్పడానికి ఏఐసీటీఈ కొన్ని కళాశాలలకు అనుమతినిచ్చింది. వాటిలో తెలుగూ ఉంది. 2022 అక్టోబరులో మధ్యప్రదేశ్‌ ఎంబీబీఎస్‌ మొదటి సంవత్సరం పుస్తకాలను హిందీలో విడుదల చేసింది. ఇంగ్లిషు మీడియం కోర్సులో చేరినా సరే, పరీక్ష స్థానిక భాషలో రాయడానికి విద్యార్థుల్ని అనుమతించండి అంటూ 2023 ఏప్రిల్‌లో యూజీసీ విశ్వవిద్యాలయాలను కోరింది. అప్పటి యూజీసీ ఛైర్మన్‌ మామిడాల జగదీశ్‌కుమార్‌ తెలుగువారే.

అన్నిటిలోకీ చిన్నగా కనిపించే ఆ చివరి మాటే నిజానికి పెద్దది. తెలుగు మీడియం డిగ్రీ తీసుకోమని అది చెప్పదు. ఇంగ్లిషు వదిలేయమనీ అనదు. తెలిసిన విషయాన్ని తెలిసిన భాషలో నిరూపించుకోనివ్వమంటుంది. అయితే విశ్వవిద్యాలయాలు కోరినంతమాత్రాన కదలవు. రెండు భాషల్లో ప్రశ్నపత్రం తయారుకావాలి. రెండు భాషల్లోనూ దిద్దగలిగిన అధ్యాపకులు కావాలి. తెలుగులో రాస్తే తక్కువ చూపు చూడరన్న నమ్మకం పిల్లలకు కలగాలి. మరోవైపు ఇంగ్లిషుని ఒక భాషగా గట్టిగా నేర్పాలి. ఎందుకంటే చివరికి ఉద్యోగం అడిగే భాష అదే. పిల్లల్ని ఇంగ్లిషు మీడియంలో వేసినంతమాత్రాన ఇంగ్లిషు వచ్చేయదని ఇన్నేళ్ల అనుభవం చెబుతూనే ఉంది.

ఇవి చేసి చూడొచ్చు!

చదువుల భాషను ప్రభుత్వాలు తేల్చేదాకా ఆగక్కర్లేదు. ఈ ఏడాది కళాశాలలో చేరే పిల్లలకు పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి.

* చేరకముందు సెలవుల్లోనే ఇంటర్‌ ఇంగ్లిషు మీడియం పుస్తకాన్ని తెలుగు పుస్తకం పక్కన పెట్టుకుని చూడాలి. తెలిసిన పాఠమే కాబట్టి పదాలు త్వరగా పట్టుబడతాయి.

* ఒక నోట్‌బుక్‌లో నిలువుగా గీత గీసి ఒకవైపు తెలుగు పదం, రెండోవైపు ఇంగ్లిషు పదం రాసుకోవాలి. రోజుకు పది చాలు.

* జవాబుని ముందు తెలుగులో సొంత మాటల్లో చెప్పుకోవాలి. ఆ తరవాతే చిన్నచిన్న ఇంగ్లిషు వాక్యాల్లో రాయాలి. గైడులోని పేరా బట్టీ పట్టడం కన్నా ఇదే త్వరగా అలవాటవుతుంది.

* సందేహాన్ని తెలుగులో అడగడానికి సిగ్గుపడకూడదు. అడగని సందేహం ఏ భాషలోనూ తీరదు.

* ‘అందరూ మాట్లాడేస్తున్నారు, నీకే రాదు’ అని ఇంట్లోవాళ్లు పోల్చకూడదు. మొదటి సెమిస్టర్‌లో పిల్లలకు కావాల్సింది కాస్త వ్యవధి, కాస్త ధైర్యం.

* ఇక అధ్యాపకులు... పాఠం మొదలుపెట్టే ముందు ఆరోజు రాబోయే ముఖ్యమైన పదాలను రెండు భాషల్లోనూ బోర్డు మీద రాస్తే పట్టే సమయం రెండు నిమిషాలు. దానికి ఏ జీవో అక్కర్లేదు, ఏ బడ్జెట్టూ అక్కర్లేదు.

ఆ మెకానిక్స్‌ క్లాసులో కూడా ‘మొమెంటమ్‌’ పక్కన ‘ద్రవ్యవేగం’ అన్న ఒక్క మాట రాసి ఉంటే... చివరి బెంచీలో ఇంకో చేయి లేచేది.